మీ బండికి ఎఫ్‌సీ: ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్, మినీ బస్సు – దేనికి ఏ పరీక్ష?

‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం లబ్ధిదారులకు సమాచారం
కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల డ్రైవర్ల కోసం

2025 అక్టోబరు 4న ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద సొంత బండి నడుపుకునే డ్రైవర్ల ఖాతాల్లో 15,000 రూపాయల చొప్పున జమ అయ్యాయి. అంతకుముందు 2019లో ఇదే అక్టోబరు 4న వాహన మిత్ర పేరుతో 10,000 ఇచ్చారు. పేరు మారింది, మొత్తం మారింది. డబ్బు ఇచ్చిన కారణం మాత్రం పెద్దగా మారలేదు. ఏడాదికోసారి ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, రిపేర్లు అన్నీ ఒకేసారి మీద పడితే డ్రైవర్ అప్పుకు పోకుండా ఉండాలన్నదే ఉద్దేశం.

ఈ పథకంలో ఒక మెలిక ఉంది. చాలామంది దాన్ని సరిగా చదవలేదు. మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ ఉన్నవారికి సీ-బుక్, ట్యాక్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మూడూ గడువులో ఉండాలన్నారు. ఆటోలకు మాత్రం 2025-26 ఒక్క ఏడాదికి సడలింపు ఇచ్చారు. ఎఫ్‌సీ లేకున్నా డబ్బు వేస్తాము, నెలలోపు ఎఫ్‌సీ చేయించుకోవాలి అన్నది షరతు. డబ్బు పడింది కదా అని ఎఫ్‌సీ సంగతి మరిచిపోయిన ఆటోవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. సడలింపు ఒక్క ఏడాదికే ఇచ్చారని గుర్తు పెట్టుకోండి. ఆన్‌లైన్ రికార్డులో మీ బండి ఎఫ్‌సీ గడువు దాటినట్టు ఉంటే సచివాలయంలో ఎంత బతిమాలినా అక్కడి ఉద్యోగి ఆ తేదీని మార్చలేరు.

కాబట్టి మీ బండి ఏ తరగతి కిందికి వస్తుంది, ఆ తరగతికి ఏమేం పరీక్షిస్తారు, ఎన్నాళ్లకోసారి చేయించాలి, ఫెయిల్ చేస్తే మీకున్న హక్కు ఏమిటి అన్నవి ఇక్కడ చెప్తున్నాం.

ముందు సీ-బుక్ తీయండి

మనం మాట్లాడే పేర్లు వేరు, చట్టం రాసుకున్న పేర్లు వేరు. ‘మినీ బస్సు’ అంటే అందరికీ తెలుసు. మోటారు వాహనాల చట్టం, 1988లో మాత్రం ఆ మాటకు నిర్వచనం లేదు. ‘ట్యాక్సీ’ని అక్కడ మోటార్ క్యాబ్ అంటారు. అందుకే మీ బండిని మీరు ఏమని పిలుస్తారన్నది పక్కన పెట్టి, సీ-బుక్‌లో ‘వెహికల్ క్లాస్’ అన్న చోట ఏం రాసి ఉందో చూడండి.

లెక్క మొదట సీట్లతో మొదలవుతుంది. డ్రైవర్‌ను వదిలేసి ఆరుగురు, అంతకంటే తక్కువ మంది ప్రయాణికులు కూర్చునేది మోటార్ క్యాబ్. ఆరుగురికి మించి పన్నెండు మంది వరకు అయితే మ్యాక్సీ క్యాబ్. పన్నెండు దాటితే అది ఇక బస్సు కిందే లెక్క. ఊరూరా ఎక్కించుకుంటూ దించుకుంటూ తలా ఒక టికెట్ తీసుకునేదైతే స్టేజ్ క్యారేజ్ అంటారు. పెళ్లికో తీర్థానికో మొత్తం మాట్లాడుకునేదైతే కాంట్రాక్ట్ క్యారేజ్ అంటారు. మూడు చక్రాల ప్యాసింజర్ ఆటో వేరే తరగతి.

సీ-బుక్‌లో ‘సీటింగ్ కెపాసిటీ’ అంకెలో సాధారణంగా డ్రైవర్ కూడా కలిసి ఉంటాడు. అక్కడ 13 అని ఉంటే 12 మంది ప్రయాణికులు, ఒక డ్రైవర్ అని అర్థం. అది మ్యాక్సీ క్యాబే. మంత్రాలయం, మహానంది, ఒంటిమిట్ట, గండికోటకు బాడుగలు తిప్పే తూఫాన్లు, చిన్న టెంపో ట్రావెలర్లు చాలావరకు ఈ తరగతిలోకే వస్తాయి. అదే టెంపో ట్రావెలర్‌లో 17 సీట్లది కొంటే లెక్క మారిపోతుంది. బయటికి చూస్తే ఒకే కంపెనీ, ఒకే రకం బండి. కానీ అది మ్యాక్సీ క్యాబ్ కాదు. పథకం ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్‌లకే వర్తిస్తుంది. నాలుగు సీట్లు ఎక్కువ వస్తే బాడుగ ఎక్కువ వస్తుందని పెద్ద బండికి మారాలనుకునే వాళ్లు ఈ మాట ముందే లెక్కలో వేసుకోండి. పర్మిట్ మారుతుంది, ట్యాక్సు మారుతుంది, పథకం డబ్బు పోతుంది. మారవద్దని కాదు, తెలిసి మారమంటున్నాం.

రెండో లెక్క బరువుది. ప్రయాణికులతో, సామానుతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే లైట్, 12,000 కిలోలు దాటితే హెవీ, ఆ రెంటి మధ్య మీడియం. ఎఫ్‌సీ రుసుము చాలావరకు ఈ బరువు తరగతిని బట్టే ఉంటుంది. టెస్టింగ్ కేంద్రంలో మీ బండి ఏ లైనులోకి పోవాలో కూడా ఇదే చెప్తుంది. ఇందాక చెప్పిన 17 సీట్ల బండి సీట్ల లెక్కలో బస్సు, బరువు లెక్కలో మాత్రం లైటే. ఈ రెండూ కలిపేసుకుని తికమక పడేవాళ్లు ఎక్కువ.

లైసెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండిని కూడా నడపవచ్చని, దానికి వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. ఇన్సూరెన్సు కంపెనీలు ఏళ్ల తరబడి ‘ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంట్ లేదు’ అని క్లెయిములు ఆపిన గొడవకు దాంతో తెరపడింది. కాకపోతే ఆ తీర్పు లైసెన్సు గురించే. ఎఫ్‌సీ లేకపోయినా పర్వాలేదని అందులో ఎక్కడా లేదు.

కొత్త టెస్టింగ్ కేంద్రాల్లో కంప్యూటర్ తెర మీద ఇంకో రకం పేర్లు కనబడతాయి. ఎల్5 అంటే ప్యాసింజర్ ఆటో. ఎం1 అంటే డ్రైవర్ కాక ఎనిమిది సీట్ల వరకు ఉన్న కారు, జీపు. ఎం2 అంటే అంతకు మించిన సీట్లు ఉండి, మొత్తం బరువు 5 టన్నులు దాటని బండి. ఎం3 అంటే 5 టన్నులు దాటిన బస్సు. ఇవి కంపెనీవాళ్లు బండి తయారుచేసేటప్పుడు పెట్టుకునే తరగతులు. మీ స్లిప్పులో ఇవి కనబడితే కంగారు పడవద్దు, సీ-బుక్‌తో సరిపోయిందా అని మాత్రం చూసుకోండి.

ఎన్నాళ్లకోసారి?

కొత్త బండికి రిజిస్ట్రేషన్ నుంచి మొదటి రెండేళ్లు ఎఫ్‌సీ ఉన్నట్టే లెక్క. తర్వాత బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి చేయించాలి. ఎనిమిదేళ్లు దాటితే ఏటా చేయించాలి. ఇది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 62వ నిబంధన. 2018లో మారిన లెక్క ఇది. అంతకుముందు ఏటా చేయించే రోజుల అలవాటుతో ఇప్పటికీ కొందరు అవసరం లేకుండానే తిరుగుతున్నారు. కొందరేమో ‘రెండేళ్లు ఉంటుందిలే’ అనుకుని తొమ్మిదో ఏట దొరికిపోతున్నారు. మీ బండి పుట్టినరోజు, అంటే సీ-బుక్‌లో రిజిస్ట్రేషన్ తేదీ చూసుకుంటే ఇందులో అనుమానమే ఉండదు.

బడి బస్సుల సంగతి వేరు. వాటి ఎఫ్‌సీ గడువు విద్యా సంవత్సరంతో ముడిపడి మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోపు అన్ని బస్సులూ ఆఫీసు ముందు బారులు తీరతాయి. మీ ఆటో, క్యాబ్ ఎఫ్‌సీ మే నెలాఖరుకో జూన్‌కో అయిపోతుంటే ఆ రద్దీలో పడకుండా ఏప్రిల్‌లోనే స్లాట్ పెట్టుకోవడం నయం.

గడువు దాటితే ఏమవుతుంది? ఎఫ్‌సీ లేని ట్రాన్స్‌పోర్టు బండికి అసలు రిజిస్ట్రేషనే లేనట్టు అని చట్టం 56వ సెక్షన్ చెప్తుంది. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి రెండు వేల నుంచి అయిదు వేల దాకా, మళ్లీ దొరికితే పది వేల దాకా జరిమానా ఉంది. కేంద్ర నిబంధనల రుసుముల పట్టికలో గడువు దాటిన ప్రతి రోజుకు 50 రూపాయల అదనపు రుసుము కూడా రాసి ఉంది. ఆ లెక్కన వంద రోజులకు 5,000 అవుతుంది. పథకం డబ్బులో మూడో వంతు దానికే పోతుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ యాక్సిడెంటు జరిగినప్పుడు తగులుతుంది. ఇన్సూరెన్సు కట్టినా, ఆ రోజుకు ఎఫ్‌సీ లేకపోతే కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తర్వాత ఆ సొమ్మంతా బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చని కోర్టులు ఆదేశించిన కేసులు ఉన్నాయి. ఒక ప్రాణానికి పరిహారం లక్షల్లో ఉంటుంది. అది ఒక ఆటో, ఒక క్యాబ్ అమ్మితే తీరే అప్పు కాదు. మీ సొంత బండికి అయిన నష్టం క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది.

ఏమేం చూస్తారు?

ఎఫ్‌సీ అంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి సంతకం పెట్టడమే అన్న అభిప్రాయం మనవాళ్లలో బలంగా ఉంది. 62వ నిబంధనలో రాసిన జాబితా మాత్రం పొడుగ్గానే ఉంది. హెడ్‌లైట్ల వెలుతురు ఎక్కడ పడుతోంది, మిగతా లైట్లు, రిఫ్లెక్టర్లు, అద్దాలు, సేఫ్టీ గ్లాసు, హారన్, సైలెన్సర్, డ్యాష్‌బోర్డు మీటర్లు, వైపర్, పొగ, బ్రేకులు, స్పీడోమీటర్, స్టీరింగ్. ఇవన్నీ ఆటోకైనా బస్సుకైనా చూడాల్సినవే. తరగతిని బట్టి వీటికి తోడయ్యేవి వేరే ఉంటాయి.

మన ఎండల్లో ఎక్కువ బండ్లు ఫెయిల్ అయ్యేలా చేసేవి చిన్న సంగతులే. వైపర్ చూడండి. మనకు వాన పడేదే కొన్నాళ్లు, మిగతా ఏడాదంతా వైపర్‌ను ఎవరూ ముట్టుకోరు. ఏప్రిల్, మే ఎండకు దాని రబ్బరు బిగుసుకుపోయి, వేలితో తాకితే రాలిపోతుంది. వంద, రెండు వందల్లో పోయే దానికి స్లాట్ పోగొట్టుకుంటారు. టైర్లూ అంతే. గ్రిప్పు ఉన్నట్టే కనబడుతుంది, పక్కగోడలు మాత్రం ఎండకు పగుళ్లిచ్చి ఉంటాయి. నిబంధన ప్రకారం టైరు గాడి లోతు ఆటోకు కనీసం 0.8 మిల్లీమీటర్లు, క్యాబ్‌కు, బస్సుకు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. టైరు గాడిలోపల కంపెనీవాళ్లే పెట్టిన చిన్న మిట్టలు ఉంటాయి. కారు, బస్సు టైర్లలో గాడి అరిగి ఆ మిట్టల సమానానికి వచ్చిందంటే టైరు మార్చే టైం అయిందని అర్థం. కొలబద్ద లేకున్నా ఇది కంటితో తెలిసిపోతుంది.

దుమ్ము ఇంకో శత్రువు. బేతంచర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల లారీల వెనకాల తిరిగే ఆటోలకు బ్రేక్ డ్రమ్ముల్లో సన్నటి రాతిపొడి చేరుతుంది. బ్రేక్ పడుతుంది గానీ ఒక పక్కకు లాగుతుంది. పరీక్షలో దీన్నే గట్టిగా చూస్తారు. ఎడమ చక్రం, కుడి చక్రం ఒకే బలంతో పట్టాలి. స్లాట్‌కు వారం ముందు డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించి, లైనర్లు చూపించుకుంటే సగం పరీక్ష అక్కడే అయిపోయినట్టు.

ఆటోలకు ప్రత్యేకంగా చూసేవి: డ్రైవర్ సీటుకు అటూ ఇటూ చెక్క వేసి ఇద్దరిని కూర్చోబెట్టే ఏర్పాటు ఉంటే తీసెయ్యాల్సిందే. కంపెనీది కాని పెద్ద హారన్, కళ్లు చెదిరే తెల్ల లైట్లు కూడా పనికిరావు. గ్యాసు బండి అయితే కిట్టు సీ-బుక్‌లో ఎక్కి ఉండాలి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించిన కాగితం ఉండాలి. ఇది ఎఫ్‌సీ కోసమే అనుకోకండి. సిలిండర్ మీద మీ పిల్లలు కూడా కూర్చుని పోతుంటారు. మూడు చక్రాల బండికి స్పీడ్ గవర్నర్, ట్రాకింగ్ పరికరం అక్కర్లేదు. ఎవరైనా ఏజెంట్ అవి కావాలని ఆటోవాళ్ల దగ్గర డబ్బు అడిగితే నమ్మకండి.

ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్‌లకు ఇవి తోడవుతాయి. స్పీడ్ గవర్నర్ 80 కిలోమీటర్లకు సీలు వేసి ఉండాలి. బండి ఎక్కడుందో తెలిపే ట్రాకింగ్ పరికరం, ప్రయాణికులు నొక్కే ఎమర్జెన్సీ బటన్ పనిచేయాలి. 2019 జనవరి తర్వాత రిజిస్టరైన బండ్లకు ఇవి మొదటి నుంచీ ఉన్నాయి. చాలా బండ్లలో తీగ ఊడదీసి ఉంటుంది. బ్యాటరీ దిగిపోతోందని ఎవరో మెకానిక్ పీకేసి ఉంటాడు, ఓనర్‌కే తెలియదు. స్లాట్‌కు ముందు బటన్ నొక్కి చూడండి. సీటు బెల్టులు సీటు కింద దూరి ఉంటే బయటికి తీయండి. ఫస్ట్ ఎయిడ్ బాక్సులో మందుల తేదీ చూడండి. నిప్పు ఆర్పే సిలిండర్‌కు కూడా గడువుంటుంది.

మినీ బస్సు, పెద్ద బస్సులకు వచ్చేసరికి పరీక్ష బండి బాడీ మీదికి పోతుంది. ఎమర్జెన్సీ తలుపు లోపలి నుంచి, బయటి నుంచి తెరుచుకుంటుందా, దారికి అడ్డంగా సీటు బిగించారా, పగలగొట్టే సుత్తులు ఉన్నాయా, కమాను పట్టీలు, ఎయిర్ బ్రేకులు ఎట్లా ఉన్నాయి అన్నవి చూస్తారు. బడి బస్సులకు స్పీడ్ గవర్నర్ 60కే.

ఫిట్‌నెస్ ఉన్న బస్సు కథ

ఇది కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద 44వ నంబరు జాతీయ రహదారి మీద కాలిపోయింది. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోవడంతో మంటలు అంటుకున్నాయి. బైకు నడిపిన యువకుడితో కలిపి 20 మంది చనిపోయారు.

ఆ బస్సుకు ఎఫ్‌సీ ఉంది. రికార్డుల్లో దాని గడువు 2027 దాకా ఉంది. ట్యాక్సు, ఇన్సూరెన్సు కూడా గడువులోనే ఉన్నాయి. మొదట డామన్‌లో రిజిస్టరై తర్వాత ఒడిశాకు మారిన బస్సు అది. సీటర్‌గా రికార్డుకెక్కిన బస్సును స్లీపర్‌గా మార్చినట్టు ఆ తర్వాత అధికారులు చెప్పారు. అంటే కాగితం ఒక రకం బండిని పాస్ చేసింది, రోడ్డు మీద తిరిగింది ఇంకో రకం. పడక సీట్ల మధ్య దారి ఇరుకు. నిద్రలో ఉన్న మనిషి పైబెర్తు నుంచి దిగి తలుపు దాకా రావడానికి పట్టే సమయం వేరు.

మన లబ్ధిదారులకు స్లీపర్ బస్సులు ఉండవు. అయినా ఈ సంగతి ఎందుకు చెప్తున్నామంటే, ఇదే పని చిన్న ఎత్తున మన దగ్గర రోజూ జరుగుతోంది. ఎఫ్‌సీ రోజున కంపెనీ సీట్లు, మర్నాడు ఇంకో బెంచీ. పెళ్లిళ్ల సీజన్లో తూఫాన్ వెనకాల మడత సీట్లు. పైన క్యారియర్ మీద మనుషులు. చట్టం 52వ సెక్షన్ ప్రకారం సీ-బుక్‌లో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. మార్చాలంటే ముందే అనుమతి తీసుకుని, సీ-బుక్‌లో ఎక్కించుకోవాలి. పన్నెండు మంది బండిలో ఇరవై మందిని ఎక్కిస్తే, మీ బ్రేకులు పాసైన బరువు వేరు, శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు వాటి మీద పడే బరువు వేరు. బ్రేక్ డ్రమ్ములు కాలిన వాసన ఆ రోడ్డు మీద నడిపిన ప్రతి డ్రైవర్‌కూ తెలుసు.

మిషన్ పరీక్ష

ఇప్పుడు ఎఫ్‌సీ పద్ధతి మారుతోంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తొక్కి చూసే బదులు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో యంత్రాలే కొలుస్తాయి. వీటి నిబంధనలు 2021 సెప్టెంబరులో వచ్చాయి. పెద్ద బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచే తప్పనిసరి అన్నారు, తర్వాత కేంద్రం ఆ గడువును పొడిగించింది. మీ పరిధిలో స్టేషన్ నడుస్తుంటే స్లాట్ బుక్ చేసేటప్పుడు అదే చూపిస్తుంది.

అక్కడ ఎట్లా జరుగుతుందో ముందే తెలిస్తే భయం ఉండదు. బండి చక్రాలను తిరిగే రోలర్ల మీద నిలబెట్టి బ్రేకు వేయమంటారు. ఏ చక్రం ఎంత బలంతో పట్టిందో తెర మీద అంకెల్లో వస్తుంది. ఒక ప్లేటు మీద నుంచి బండి పోనిస్తే చక్రాలు పక్కకు ఎంత జారుతున్నాయో, అంటే అలైన్‌మెంటు ఎట్లా ఉందో తెలుస్తుంది. ఇంకో ప్లేటు కింది నుంచి చక్రాలను కదిలించి కింగ్‌పిన్, టై రాడ్‌లలో ఆట ఉందేమో చూస్తుంది. హెడ్‌లైటు ముందు ఒక పెట్టె పెట్టి వెలుతురు ఎత్తు కొలుస్తారు. పొగ గొట్టంలో గొట్టం పెట్టి పొగ సాంద్రత కొలుస్తారు.

మెషీన్‌తో బేరం కుదరదు, నిజమే. కానీ ఒక లాభం ఉంది. ‘బ్రేకులు బాగలేవు, పో’ అనే మాట ఉండదు. ఎడమ వెనక చక్రం ఇంత పట్టింది, కుడిది ఇంత పట్టింది అని అంకె వస్తుంది. ఆ కాగితం మెకానిక్‌కు చూపిస్తే ఏది విప్పాలో వెంటనే తెలుస్తుంది, అన్నీ మార్చమని చెప్పే వీలుండదు. అందుకే పాసైనా ఆ రిపోర్టు అడిగి తీసుకోండి.

స్లాట్‌కు పోయేముందు

పరివాహన్ వెబ్‌సైటులో మీ బండి నంబరు కొట్టి ట్యాక్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్, పర్మిట్, చలాన్లు చూసుకోండి. వీటిలో ఏది బాకీ ఉన్నా ఎఫ్‌సీ దగ్గర ఆగిపోతారు. సీ-బుక్‌లోని ఫోన్ నంబరు ఇప్పుడు మీ దగ్గర లేకపోతే ముందు దాన్ని మార్పించండి, ఓటీపీ దానికే వస్తుంది. చనిపోయిన తండ్రి పేరు మీదే బండి ఉంచి నడుపుతున్నవారు ముందు పేరు మార్పిడి చేయించుకోవాలి. పథకంలో బండి ఓనరూ, నడిపేవారూ ఒకరే కావాలి కాబట్టి ఇది ఎట్లాగూ తప్పదు.

రుసుము ఎంత అన్నది బండి తరగతి, వయసు బట్టి మారుతుంది. పాతబడేకొద్దీ పెరుగుతుంది. స్లాట్ బుక్ చేసేటప్పుడు తెర మీద చూపించే అంకే అసలు అంకె. దానికి రసీదు వస్తుంది. ఆఫీసు గేటు బయట చెట్టుకింద కూర్చున్నవాళ్లు చెప్పే అంకెకు రసీదు రాదు. చదువుకోలేదని మొహమాటపడకండి. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటునో, ఇంట్లో చదువుకున్న పిల్లలనో అడిగితే పావుగంటలో అయ్యే పని ఇది.

కాగితాలు ఫోనులో డిజీలాకర్‌లో కానీ, ఎంపరివాహన్ యాప్‌లో కానీ ఉంటే చాలు, చెకింగ్‌లో అవి చెల్లుతాయి. జెరాక్సు ఫోటో చెల్లదు.

ఫెయిల్ చేస్తే

ఇది చాలామందికి తెలియని హక్కు. ఎఫ్‌సీ ఇవ్వమని చెప్పినప్పుడు, ఎందుకు ఇవ్వడం లేదో కాగితం మీద రాసి మీకు ఇవ్వాలి. ఇది 56వ సెక్షన్‌లోనే ఉంది. ఇన్‌స్పెక్టర్ అయినా, టెస్టింగ్ స్టేషన్ అయినా సరే. నోటిమాటతో వెనక్కి పంపితే ‘సార్, కారణాలు రాసివ్వండి’ అని మర్యాదగా అడగండి. గొడవ పడనక్కర్లేదు, సెక్షన్ నంబరు చెబితే చాలు.

ఆ కాగితంలో ఉన్నవి సరిచేయించుకుని మళ్లీ పరీక్షకు పోవచ్చు. కారణం సరైంది కాదనిపిస్తే, కాగితం చేతికి వచ్చిన నాటి నుంచి 30 రోజుల్లోపు 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తుతో పాటు ఆ కారణాల కాగితం, రుసుము రసీదు, సీ-బుక్ కాపీ జతచేసి జిల్లా రవాణా కార్యాలయంలో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

ఈ మధ్యలో బండిని బాడుగకు తిప్పవద్దు. మెకానిక్ షెడ్డుకు తీసుకుపోవాలన్నా కారణాల కాగితం బండిలో పెట్టుకుని, ప్రయాణికులను ఎక్కించుకోకుండా పోండి. ఎఫ్‌సీ చేతికి రాగానే పరివాహన్‌లో కొత్త తేదీ కనబడుతోందా అని ఒకసారి చూడండి. రెండు మూడు రోజులైనా మారకపోతే రసీదు పట్టుకుని ఆఫీసులో అడగండి. గత సెప్టెంబరులో పథకానికి కొత్త దరఖాస్తులకు ఇచ్చిన గడువు కొద్ది రోజులే. తేదీ సరిచేయించుకునే పనిని అప్పటిదాకా ఆపకండి.